పాఠశాలలో పాకవిద్య



నేడు నేను మీతో మాటాడదలచిన విషయము పైకి చిన్నదిగా కానవచ్చును. బడికి పోవు బిడ్డలకు వంట నేర్పుట, తాము తిను తిండియొక్క గుణదోషములు తెలియజెప్పుట, ఇదియే నా ప్రసంగవిషయము. “అక్షరములు నేర్చుకొనుటకు పంపితిమి గాని గంటె త్రిప్పుటకు పంపితిమా?” యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఆ ప్రశ్నను త్రోసివేయక, దానికి తగిన సమాధానము చెప్పుటకే ఈ కొద్ది నిమిషములను వినియోగింతును. ఈ మాటలు ఉపాధ్యాయులతో చెప్పక మీతో ఏల చెప్పుచున్నాననగా, ఊరి పెద్దలు ఔననని పని బడిలో పది దినములు కూడ నిలువదు. వారు ఔనన్న పని పది తరములు నిలుచును.

మొయినాబాదు మండలములోని కనకమామిడి గ్రామమును తలచుకొని ఈ ముచ్చట మొదలుపెట్టెదను. మఱ్ఱిచెట్లకు పేరుపడిన చేవెళ్ల బాటపట్టున ఉన్న ఊరది. ఆ చుట్టుపట్ల చేలలో టమాటాలు, వంకాయలు, బెండకాయలు, ఆకుకూరలు పండును. రైతులు తెల్లవారకముందే లేచి, కట్టలు కట్టి, గంపలు నింపి, బండ్లకెత్తి హైదరాబాదు అంగళ్లకు పంపుచుందురు. నగరములోని వైద్యులు తమ రోగులకు “ఇది తినుడు” అని చెప్పునది ఆ గంపలోని సరుకే. అయినను ఆ కూర పండించిన యింటి బిడ్డయే తన కంచములోని తోటకూరను వ్రేలితో ప్రక్కకు నెట్టి, మూలమీది దుకాణమున ఐదు రూపాయల పొట్లము కొనితెచ్చుకొని, దారి పొడుగున నమలుచు పోవుచున్నాడు. ఈ వింత ఒక్క కనకమామిడికే చెందినది కాదు. మన పల్లెలన్నిటను ఇదియే కథ. పండించుట మనకు తెలియును, అమ్ముట తెలియును, తినుట మాత్రము బిడ్డలకు నేర్పుట మఱచితిమి.

దీని ఫలమెట్టిదో లెక్కలు చెప్పుచున్నవి. 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన తెలంగాణమున ఆఱునెలలు మొదలు ఐదేండ్ల లోపు బిడ్డలలో నూటికి 70 మంది రక్తహీనులు. 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా ఆ స్థితిలోనే యున్నారు. ఐదేండ్ల లోపు బిడ్డలలో నూటికి 33 మంది వయసునకు తగిన ఎత్తు ఎదుగలేదు. ఈ లెక్క కఱవు దినములది కాదు. ఇంటింట బియ్యమున్న దినములది. నేడు బడిలో ఏడవ తరగతి చదువు ఆడుబిడ్డ రేపు ఆ 57 మందిలో నొకతె కావచ్చును, ఎల్లుండి ఒక బిడ్డకు తల్లి కావచ్చును. రక్తము తక్కువైన తల్లికి కాన్పు గండము. పుట్టిన బిడ్డకు బరువు తక్కువ. కావున ఆకలి తీరుట వేఱు, దేహము పోషింపబడుట వేఱు అని మనము గ్రహింపవలసియున్నది. కడుపు నిండినంతమాత్రమున నెత్తురు నిండదు.

ఈ భేదము తెలియక మన తెలుగువారు పూర్వము ఎంత బాధపడిరో చెప్పెదను. సముద్రతీరమున ఉత్తర సర్కారులని పిలువబడిన జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి వేరూనియుండెను. కాళ్లు తిమ్మిరెక్కి పట్టుదప్పును. కొందఱికి దేహముబ్బి గుండె నిలిచిపోవును. దీని కారణము విచారించుటకై 1918వ సంవత్సరమున నీలగిరులమీది కూనూరులో రాబర్టు మెకారిసను అను వైద్యుడు చిన్న పరిశోధనశాలను ప్రారంభించెను. ఆ కాలపు పరిశోధనలవలన తేలినదేమనగా, ఆ ప్రాంతపు జనులు తినునది యంత్రములో తెల్లగా మెఱుగుపెట్టిన పచ్చిబియ్యము. గింజపైనుండు తవుడుతోపాటు బి విటమినులలో మొదటిదైన థయమిను పోవుచుండెను. మిగిలిన కొంచెమును పలుమార్లు కడిగిన కడుగునీళ్లలోను, వార్చి పారబోసిన గంజిలోను పోవుచుండెను. ఉప్పుడు బియ్యము తిను తమిళ జిల్లాలలో ఆ వ్యాధి అంతగా లేకుండెను. ఏలయన వడ్లను ఉడికించి ఆరబెట్టి దంచునప్పుడు ఆ సత్తువ గింజలోనికి ఇంకిపోవును. చూచితిరా! ఒకే వరిగింజ ఒక వంటయింట ఆరోగ్యమును, వేఱొక వంటయింట వ్యాధిని కలిగించినది.

కూనూరులోని ఆ పరిశోధనశాలయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర తార్నాకలో వెలయుచున్నది. అది చేవెళ్ల బాటనుండి ఒక పూట ప్రయాణము కూడ లేదు. అందు పనిచేసిన గోపాలను, శ్రీకంఠయ్య అను వైద్యులిరువురు 1960లో మన దక్కను నేలకు సంబంధించిన యొక విషయమును ప్రకటించిరి. జొన్నలే ప్రధానాహారముగా గల బీదలలో పెల్లాగ్రా యను వ్యాధి కనబడుచుండెను. ఎండ తగులుచోట్ల చర్మము నల్లబడి పొలుసులు లేచును, విరేచనములు పట్టును, ముదిరినచో మతి చలించును. జొన్నలో ల్యూసిను అను మాంసకృత్తు అంశము అధికముగా నుండుటచేత, దేహమునకు కావలసిన నయాసిను అను విటమినునకు లోటు కలుగుచున్నదని వారు భావించిరి. అంతమాత్రమున జొన్న చెడ్డదని యెంచరాదు. మన తాతలు జొన్నరొట్టెతోనే బండలెత్తిరి. కాని వారు రొట్టెతో పప్పు తినిరి, ఆకుకూర తినిరి, మజ్జిగ త్రాగిరి. జొన్నరొట్టెయు కారమును తప్ప మఱేమియు దొరకని పేదవానినే ఆ వ్యాధి పట్టుకొన్నది. ఏ ధాన్యమైనను ఒంటరిగా మనిషిని పోషింపలేదు. ఇది మొదటి పాఠము. నేడు ఆ వ్యాధి అరుదైనది గాని ఆ పాఠము అవసరము తీరలేదు. ఇప్పుడు జొన్నకు బదులుగా తెల్లబియ్యము ఒంటరియైనది.

రెండవ పాఠమును మన తెలుగుబిడ్డయే లోకమునకు నేర్పెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరులిరువురను స్ప్రూ అను జీర్ణవ్యాధికి బలియిచ్చిరి. ఆయన అమెరికాకు పోయి, లెడర్లీ పరిశోధనాలయమున తన సహచరులతో కలసి శ్రమించి, 1945లో ఫోలిక ఆమ్లమును తయారుచేయించిరి. ఆ ద్రవ్యము స్ప్రూ వ్యాధికిని, ఒకవిధమైన రక్తహీనతకును ఔషధమైనది. లాటిను భాషలో ఆకు అను అర్థముగల మాటనుండి దానికి ఆ పేరు వచ్చినది. ఆకుకూరలలో అది సమృద్ధిగా నుండును. అంత దూరదేశమున అంత శ్రమతో పొందబడిన ఆ వస్తువు మన పెరటి గోడప్రక్క మొలచు పాలకూరలోను తోటకూరలోను ఉన్నది. మనము దానిని గంటలకొలది ఉడికించి, ఆ నీటిని వంచి పారబోసి, పిప్పిని కంచమున వడ్డించుకొనుచున్నాము.

ఇక బడిభోజనమునకు వత్తము. బడిలో బిడ్డలకు అన్నము పెట్టుట నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. 1920లో మద్రాసు నగరపాలక సంఘమునకు అధ్యక్షులుగా నుండిన తెలుగువారు పిట్టి త్యాగరాయ శెట్టిగారి కాలమున, థౌజండు లైట్సు పేటలోని యొక పాఠశాలలో బీదబిడ్డలకు మధ్యాహ్నఫలహారము పెట్టుట ప్రారంభించిరి. దినమునకు బిడ్డ యొక్కంటికి అణా మించని ఖర్చు. 1956 తరువాత కామరాజుగారు, 1982లో రామచంద్రనుగారు తమిళనాట దానిని విస్తరింపజేసిరి. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము దేశమంతటికి ఒక పథకమును ఏర్పఱచినది. కాని చాల చోట్ల నెలకు మూడు కిలోల బియ్యము చేతికిచ్చి పంపుచుండిరి. 2001 నవంబరు 28న సుప్రీముకోర్టు, గింజలు కాదు, వండిన అన్నమే పెట్టవలయునని ఆజ్ఞాపించెను. మన రాష్ట్రమున 2003 జనవరినుండి మహిళాసంఘముల స్త్రీలు బడులలో పొయ్యి వెలిగించిరి. 2021లో ఆ పథకమునకు పి.ఎం. పోషణ్ అని పేరు మార్చిరి.

ఈ భోజనమునకు ఒక కొలత కలదు. ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 100 గ్రాముల ధాన్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. వీనివలన 450 కేలరీల శక్తియు 12 గ్రాముల మాంసకృత్తులును కలుగవలయును. ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకు 150 గ్రాముల ధాన్యము, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. మన తెలంగాణమున వారమునకు మూడు గ్రుడ్లు ఇచ్చు ఏర్పాటు కూడ కలదు. అన్నము పెట్టుట జరిగినది, మంచిదే. కాని ఆ అన్నము ఏల ఆ కొలతతో నున్నదో, ఆ పప్పు ఏల వేసిరో, ఆ కూరను పాఱవేసినచో నేమి నష్టమో బిడ్డకు చెప్పువారు లేరు. బిడ్డ ముంగిట దినదినము తెఱచియుంచిన గ్రంథము ఆ కంచము. దానిని చదువుట నేర్పుటయే నేను కోరు విద్య.

నేను ఉపాధ్యాయుడనై పెక్కేండ్లు పల్లెబడులలో పనిచేసితిని. ఒకచోట ఏడవ తరగతి పిల్లలను విటమినులెన్ని యని అడుగగా గడగడ అప్పగించిరి. “పుంటికూరను కడిగి తరుగవలెనా, తరిగి కడుగవలెనా?” యని అడుగగా ఒకరి మొగమొకరు చూచుకొనిరి. పుస్తకములోని విటమినునకును చేతిలోని ఆకునకును నడుమ వంతెన లేదు. ఆ వంతెనయే పాకవిద్య. తరిగి కడిగినచో నీటిలో కరగు సత్తువ నీటివెంట పోవునని పొయ్యివద్ద ఒక్కమారు చెప్పినచో ఆ బిడ్డ జన్మలో మఱవదు.

ఏమేమి నేర్పవలయునో కొంచెము వివరించెదను. బియ్యమును పలుమార్లు పిసికి కడుగక, రాళ్లేరి ఒకటి రెండు పర్యాయములు కడిగినచో చాలును. గంజి వార్చకుండ తగిన నీటితో వండవలయును. వార్చినచో ఆ గంజిని పారబోయక త్రాగవలయును. ఆకుకూరను మూతపెట్టి, కొద్ది నీటితో, కొద్దిసేపు ఉడికింపవలయును. క్యారెట్టులోను ఆకుకూరలలోను ఉండు ఎ విటమిను అంశము కొంచెము నూనె తోడైనగాని ఒంటబట్టదు. ఆకులలోను గింజలలోను ఉండు ఇనుమును దేహము సులభముగా గైకొనదు. అన్నముతోపాటు నిమ్మరసమో, జామపండో, ఉసిరికయో తినినచో బాగుగా గైకొనును. భోజనము చేసిన వెంటనే తేనీరు త్రాగినచో ఆ ఇనుము వ్యర్థమగును. జామపండున 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిను కలదు. అంగడిలోని నారింజకంటె అది పెక్కు రెట్లధికము. తైదలలో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా సున్నపు సత్తువ కలదు. తెల్లబియ్యమున పది మిల్లీగ్రాములకు అటునిటు మాత్రమే. పెసలు నానబెట్టి మొలకెత్తించినచో క్రొత్తగా సి విటమిను పుట్టును. అంబలి పులిసినచో దానిలోని సత్తువ సులభముగా ఒంటబట్టును. ఇవన్నియు మన యింటి వస్తువులు. ఇందు కొనవలసినదేదియు లేదు, తెలిసికొనవలసినదే కలదు.

మఱియు ఈ విద్య తక్కిన విద్యలకు శత్రువు కాదు, తోడబుట్టినది. ప్రాథమికపాఠశాలలో నూఱుగురు బిడ్డలున్నారనుకొందము. వారికి ఒకపూటకు 10 కిలోల బియ్యము, 2 కిలోల పప్పు, 5 కిలోల కూరగాయలు, అరకిలో నూనె కావలయును. అదే నూఱుగురు పై తరగతులవారైనచో 15, 3, ఏడున్నర, ముప్పావు కిలోలు. ఈ లెక్కను నల్లబల్లమీద చేసిన బిడ్డ త్రైరాశికమును మఱచిపోడు. పాలు తోడుకొనుట, పిండి పులియుట, నీరు మరగుట, ఇనుప మూకుడు తుప్పుపట్టుట ఇవియన్నియు విజ్ఞానశాస్త్ర పాఠములే. దుకాణపు పొట్లముమీద ఎంత ఉప్పు, ఎంత చక్కెర, ఎంత కొవ్వు అని చిన్నయక్షరములతో ముద్రించియుండును. దానిని చదివి లెక్కకట్టుట ఆంగ్లమును గణితమును కలిపి నేర్చుటయే. అట్లు లెక్కకట్టిన బిడ్డకు ఆ పొట్లము తినవద్దని మీరు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇప్పుడు మీ సందేహములకు వత్తును. “ఆడుపిల్లలకు తల్లి నేర్పును, మగపిల్లలకు వంట యెందుకు?” అందురేని, మనవారు మంచి వంటకు పెట్టిన పేరేమో స్మరింపుడు. నలభీమపాకమందుము గాని మఱొక పేరు చెప్పము. నలుడు నిషధదేశపు రాజు. భీముడు విరాటుని కొలువున వలలుడను పేర వంటవాడై యేడాది గడపెను. గరిటె పట్టినందున గద పట్టుటకు చేయి తడబడలేదు. మన పెండ్లిండ్లలో గాడిపొయ్యిమీద వందలమందికి వండువారు మగవారే గదా! నగరమునకు చదువునకో కొలువునకో పోయిన మీ మనుమడు అద్దెగదిలో ఏమి తినుచున్నాడో విచారింపుడు. వంట వచ్చినవాడు ఆరోగ్యముతోను మిగులుతోను తిరిగివచ్చును. ఇక ఆడుపిల్లలకు తల్లి నేర్పునన్న మాట సగమే నిజము. తల్లి తెల్లవారకముందే కూలికో, పూలతోటకో, నగరపు పనికో పోవుచున్నది. ఆమెకు చేతియలవాటు కలదు. కారణము చెప్పు తీరిక లేదు. ఆ కారణమును చెప్పవలసినది బడి.

“పిల్లలచేత బడివారు చాకిరి చేయింతురేమో” యను భయము న్యాయమైనది. వంటవారి పని పిల్లలచేత చేయించుట వేఱు, పిల్లలకు వంట నేర్పుట వేఱు. నూఱుగురి వంట వంటవారిదే. వారి పెద్దగంజుల దరికి బిడ్డలను పోనీయరాదు. పాఠము కొఱకు చిన్న పొయ్యి వేఱుగ, ఉపాధ్యాయుని కనుల యెదుట ఉండవలయును. ఐదవ తరగతి లోపువారికి నిప్పు లేని పనులే చాలును: గింజలేరుట, ఆకుకూర తెంపి కడుగుట, మొలకలు కట్టుట, నిమ్మరసము కలుపుట, చేతులు సబ్బుతో కడుగుట. ఎనిమిదవ తరగతి వచ్చిన పిమ్మట పొయ్యి. “చదువునకు కాలము చాలదు” అందురేని, 2020 నాటి జాతీయ విద్యావిధానమే ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకు పుస్తకముల సంచి లేని పది దినములను విధించి, చేతిపనులకు కేటాయింపుమన్నది. వారమునకొక మధ్యాహ్నము మఱియొక గంట దొరకకపోదు.

ఇంకొక సందేహమున్నది. అది నోటితో చెప్పబడదు గాని కొన్ని యూళ్లలో పనిని ఆపునదదియే. ఎవరి చేతివంట ఎవరు తినవలయును అనునది. 2004 ఏప్రిలు 20న సుప్రీముకోర్టు బడి వంటవారిగా దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యమీయవలయునని ఆజ్ఞాపించినది. అది ఊరక చేసిన ఆజ్ఞ కాదు. అనేక చోట్ల పెద్దలు తమ బిడ్డల కంచములను వెనుకకు లాగిరి గనుకనే చేసినది. బిడ్డలు తమంత తాము ఒకరి చేతివంట నొకరు కాదనరు. ఆ కాదనుట మన యింటినుండి నేర్చి బడికి తెచ్చుచున్నారు. అన్ని యిండ్ల బిడ్డలు ఒక చాటలో గింజలేరి, ఒక గిన్నెలో పప్పు వండి, ఒక బంతిని కూర్చుండి తినిననాడు వారు నేర్చునది వంట మాత్రమే కాదు. ఆ దినమున పెద్దలు బంతి చివర కూర్చుండి తాము కూడ రెండు ముద్దలు తినినచో, నూఱు ఉపన్యాసములు చేయలేని పని జరుగును. ఇది మీవలన కావలసిన పని, ఉపాధ్యాయునివలన కాదు.

ఇతరదేశములవారు ఈ దారిని ఎప్పుడో త్రొక్కిరి. జపానులో బడిభోజనము 1889లో త్సురుఒకా యను పట్టణమున బీదబిడ్డల కొఱకు మొదలైనదని చెప్పుదురు. 1954లో దానికొక చట్టము చేసిరి. 2005లో ఆహారవిద్య కొఱకే వేఱొక చట్టము చేసి, బడులలో పోషకాహారము బోధించు ఉపాధ్యాయులను నియమించిరి. అక్కడ బిడ్డలే వంతులవారీగా తెల్లని టోపీలు పెట్టుకొని తోడివారికి వడ్డింతురు. తినిన పిమ్మట తామే శుభ్రము చేయుదురు. మన దేశమునను 1937 అక్టోబరులో వార్ధాలో గాంధిగారు విద్యావేత్తలను సమావేశపఱచి, చేతిపనియే చదువునకు పునాది కావలయుననిరి. ఆ విద్యకు ప్రణాళిక వ్రాసిన సంఘమునకు అధ్యక్షులు జాకీరు హుసేనుగారు మన హైదరాబాదున జన్మించినవారే. సేవాగ్రామములోని ఆ బడిలో వంటశాల పని కూడ చదువులో భాగమైయుండెను. కావున మనము క్రొత్తదేదియు అరువు తెచ్చుకొనుట లేదు. మనది మనము తిరిగి తెచ్చుకొనుచున్నాము.

ఇక పెద్దలుగా మీరు చేయదగిన పనులను చెప్పి ముగించెదను. మొదటిది, బడి ఆవరణలో నాలుగు మళ్ల కూరతోట. 2019లో కేంద్రప్రభుత్వము బడితోటలు వేయుడని సూచనలు చేసినది. కాని విత్తనము, నీరు, కంచె ఊరివారివే కావలయును. మునగచెట్టు ఒకటి, కరివేపాకు ఒకటి, జామచెట్టు ఒకటి, గోడవెంబడి బచ్చలితీగె ఉన్నచో చాలును. రెండవది, ఇంటిలోని ముసలమ్మలను బడికి పంపుట. గంగవాయిలి కూర ఎక్కడ మొలచునో, పొనగంటి కూరను కలుపుమొక్కలలోనుండి ఎట్లు గుర్తుపట్టవలెనో, జొన్నగట్క ఎట్లు కాచవలెనో, సర్వపిండిని ఎట్లు తట్టవలెనో పుస్తకములలో దొరకదు. వారి చేతులలో ఉన్నది. వారితోనే అది పోకముందు బిడ్డలు దానిని వ్రాసికొనవలయును. మూడవది, బడిపథకములో తిథిభోజనమను ఏర్పాటు కలదు. మీ యింట పుట్టిననాడో, పెండ్లినాడో, పెద్దల తద్దినమునాడో మిఠాయిపొట్లములు పంచుటకు బదులుగా పల్లీపట్టియో, నువ్వులుండయో, ఒక పండో బిడ్డలకు పెట్టుడు.

నాలుగవది అన్నిటికంటె కష్టమైనది: బిడ్డలు చెప్పినది వినుట. “లంఖణం పరమౌషధం” అని మనమందుము. పెద్దవారికి ఒకపూట అది మేలు చేయునేమో గాని, విరేచనములు పట్టిన పసిబిడ్డకు తిండిని, నీటిని మాన్పినచో ప్రాణమునకే ముప్పు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆఱు చిన్నచెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును కలిపి మాటిమాటికి పట్టింపవలయును. తల్లిపాలను, మెత్తని అన్నమును మానరాదు. బిడ్డ సొమ్మసిల్లినచో వెంటనే ఆసుపత్రికి కొనిపోవలయును. ఈ సంగతిని బడిలో నేర్చిన పదేండ్ల పిల్ల ఇంటికి వచ్చి చెప్పిననాడు, “నీకేమి తెలియును” అని కసరక, “ఏదీ, కలిపి చూపుము తల్లీ” అనుడు. ఆ ఒక్క మాటవలన ఒక తమ్ముని ప్రాణము నిలువవచ్చును. బడిలో నేర్చినది ఇంటిలో చెల్లినప్పుడే అది విద్యయగును. లేనిచో పరీక్షతో మాసిపోవు వ్రాతయగును.

పెద్దలారా! భూమి విలువ పెరిగినదని మన ప్రాంతమున ఎల్లరును చెప్పుకొనుచున్నారు. ఆ భూమిని రేపు దున్నువారును, అమ్మువారును, నిలుపుకొనువారును ఈ బిడ్డలే. వారి ఎముకలో బలము, నెత్తురులో ఎఱుపు లేనిచో ఎకరములెన్ని యున్నను ఎవరి కొఱకు? రాబోవు గ్రామసభలో బడి ముచ్చట వచ్చినప్పుడు గోడలు, సున్నము మాత్రమే కాక, పొయ్యి, తోట, వారమునకొక మధ్యాహ్నము కూడ అడుగుడు.